పార్శీ మేడలో చోటు

నల్లా తీసేయించింది రఘుపతే. సూరత్ తెలుగు నేతగాళ్ళ సంఘానికి అధ్యక్షుడైతే అయ్యుండొచ్చు, గోడాదరాలో మూడంతస్తుల బిల్డింగుకు యజమానైతే అయ్యుండొచ్చు, కానీ శవాలకు స్నానాలు చేయించే ఇంటికి నీళ్ళు ఆపించే పెత్తనం అతనికి ఎవరిచ్చారో లింగానికి అర్థం కాలేదు. కూలగొట్టే ఇంటికి నల్లా ఎందుకన్నాడట. ఇంకా కూలగొట్టలేదు కదా. కూలగొట్టాలా ఉంచాలా అన్నది ఇంకా తేలనే లేదు. మీటింగు పది గంటలకు. ఈలోపే ప్లంబరు వచ్చి పైపు కోసి, మూతికి గుడ్డపీలిక చుట్టి వెళ్ళాడు.

సందు చివర బోరింగు దగ్గర కొట్టిన నీళ్ళు రెండు చేతులా మోసుకొచ్చి లింగం ఓట్లా మీద దించాడు. ఇంటి ముందు ఎత్తుగా ఉండే రాతి అరుగును ఇక్కడ ఓట్లా అంటారు. రాత్రి డ్యూటీ దిగి సైకిలు మీద నేరుగా వచ్చాడేమో, చొక్కా నిండా నూలు ధూళి, కనుబొమ్మల మీద కూడా. రాత్రంతా షెడ్డులో సాంచాలు, అంటే మరమగ్గాలు, పొద్దున కాసేపు మేడ, ఆ తర్వాత ఇల్లు. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే వరస. మేడ ఊడ్చినందుకు సంఘం ఇచ్చే జీతం పేరుకే జీతం. తండ్రి చేసిన పని కాబట్టి చేస్తున్నాడు. తండ్రి కూడా ఊరికే చేయలేదు, పార్శీ ముసలామె ఈ ఇల్లు అమ్మినప్పుడు చందా వేసుకుని కొన్న నేతగాళ్ళలో అతనూ ఒకడు.

తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే చెవుల్లో మోత ఆగింది.

ఇది లింగం ఎవరికీ చెప్పని సంగతి. చిన్నతనం నుంచి సాంచాల మధ్యే బతికినవాడి చెవులు అవి. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం. మిగిలిన సగంలో నిద్రలో కూడా షెడ్డు నడుస్తూనే ఉంటుంది. ఈ మేడలో మాత్రం గడప దాటగానే ఎవరో మెయిను స్విచ్చి దించినట్టు ఆగిపోతుంది. ఆగిన చోట నిశ్శబ్దం ఉండదు. పదిమంది ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు ఉంటుంది.

కింద పెద్ద హాలు. ఎనిమిది టేకు స్తంభాలు, పైన ఒక్కోదానికి రెండేసి చెక్క చిలకలు. కొన్నిటికి ముక్కులు లేవు. తాపీ నదికి వరద వచ్చిన ఏడు నీళ్ళు నిలిచిన మట్టం స్తంభాల మీద ఛాతీ ఎత్తున మట్టిరంగు గీతగా మిగిలింది. పై అంతస్తుకు వెదురు కర్రలు పోటు పెట్టారు. వాన పడితే మెట్ల పక్క గోడ నుంచి సుద్ద నీళ్ళు కారతాయి. నేల నల్లరాయి. ఆ రాయి మీద, హాలు నడిమధ్యన, ఎంత తోమినా వదలని నూనె మరకలు. పోయినవాళ్ళ తల దగ్గర పెట్టిన దీపాలవి.

లింగం చీపురు పట్టి ఆ మరకల చుట్టూ ఊడ్చాడు. ఎప్పుడూ చుట్టూనే ఊడుస్తాడు. కిటికీ వైపు మరక మిల్లుకాడ లారీ గుద్దిన పెద్దపల్లి పిల్లవాడిది. దాని పక్కది ఊపిరితిత్తుల్లో నూలు చేరిన కోరుట్లాయనది. గడపకు ఎదురుగా ఉన్నది పరుశురాంది, అంటే సంఘంలో ముసలి బక్కయ్య తమ్ముడిది. పరుశురాం చివరిదాకా టీ కావాలని అడిగాడు. తెచ్చేసరికి పోయాడు. ఇప్పటికీ ఆ చోట ఊడ్చేటప్పుడు లింగానికి ఎందుకో టీ వాసన వస్తుంది.

వీళ్ళంతా ఇక్కడికి వచ్చి పోయినవాళ్ళే. కిరాయి ఇంట్లో పోకూడదు. ఇది చట్టం కాదు, ఎక్కడా రాసి లేదు. కానీ సిరిసిల్ల నుంచి వచ్చినవాడైనా, కోరుట్ల నుంచి వచ్చినవాడైనా, బిల్డింగు కట్టి యజమాని కాగానే మొదట చెప్పే మాట ఇదే. ఇంట్లో పీనుగ లేస్తే ఆ ఇంటికి అరిష్టం, తర్వాత కిరాయికి ఎవరూ రారు. అందుకే ఆశ వదులుకున్న మనిషిని ఊపిరి ఉండగానే రిక్షాలో వేసుకుని మేడకు తెచ్చేవారు. ఇక్కడ ఎవరూ పొమ్మనరు. ఎన్నాళ్ళు పట్టినా కూర్చునేవారు. నీళ్ళు కాగేవి, దీపం వెలిగేది, తెల్లారి తాపీ ఒడ్డుకు నలుగురు మోసేవారు. కరోనా ఏడు మాత్రం ఒక్కరూ రాలేదు. చావులు ఎక్కువైన ఏడే మేడ ఖాళీగా ఉంది. అప్పుడు కూడా లింగం రోజూ పొద్దున కుండలో నీళ్ళు నింపి పెట్టాడు. మర్నాటికి కుండ సగమయ్యేది. రాయి కుండ కాదు, మట్టి కుండ, ఇంకి ఉంటాయి అనుకున్నాడు. అనుకుని మళ్ళీ నింపాడు.

పది దాటాక సంఘం పెద్దలు వచ్చారు. చెప్పులు ఓట్లా కింద విడిచి, ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, మరకల మీదే కూర్చున్నారు. లింగం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మాటలు సరిగ్గా వినపడని చోట్ల పెదాలు చూసుకున్నాడు. షెడ్డులో పనిచేసినవాళ్ళకు అది అలవాటే.

"గిది ఇల్లా, పీనుగుల గుడిసెనా?" రఘుపతి లేచి నిలబడ్డాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. "కూలగొడ్దం. కింద దుకాండ్లు, మీద ఫంక్షన్ హాలు. మన పోరగాండ్ల పెండ్లిళ్ళకు గుజరాతోళ్ళ వాడీలు ఎన్నొద్దులు కిరాయికి తీసుకుందం? ఆళ్ళేమో ఉల్లిగడ్డ వండనియ్యరు, మటన్ వండనియ్యరు. మటన్ లేని పెండ్లి పెండ్లేనా?"

అందరూ నవ్వారు. ఆ మాట మీదే సగం తీర్పు అయిపోయిందని లింగానికి తెలిసిపోయింది.

ఆదిశేషయ్య చెయ్యెత్తాడు. హజీరాలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరైన కోస్తా మనిషి. ఇంటి సంగతి చూసి సలహా చెప్పమని సంఘమే పిలిపించింది.

"రఘుపతిగారూ, ఒక్క నిమిషం ఆగండి. ఇది నూట నలభై ఏళ్ళనాటి బర్మా టేకు. ఆ చిలకలు చూశారా? ఇవాళ చెక్కేవాడు దొరకడు. పైకప్పు బాగుచేయిస్తే ఇంకో వందేళ్ళుంటుంది. లైట్లు పెడదాం. పాత చేమగ్గం ఒకటి తెచ్చి మధ్యలో వేద్దాం. సూరత్‌కి వచ్చిన తెలుగువాళ్ళ చరిత్ర అంటే నలుగురూ వచ్చి చూస్తారు. ఇలాంటిదాన్ని పడగొట్టడం పాపమండీ."

లింగం గోడ వదిలి ఒక అడుగు ముందుకు వచ్చాడు. ఇల్లు ఉండాలన్నవాడు ఒకడు దొరికాడు.

"అయితే సార్, మనోళ్ళు ఎవలన్న పోయేటట్టుంటే ఎప్పటి లెక్కనే ఈడికి తేవచ్చు గదా?"

ఆదిశేషయ్య ముఖం ఇబ్బందిగా పెట్టాడు. "అదేంటయ్యా లింగం. బాగుచేశాక అవన్నీ ఎలా కుదురుతాయి? చూడ్డానికి వచ్చిన పిల్లలు జడుసుకోరూ?"

"మరి సేటు హాలు గడితే?"

"పెండ్లి హాల్ల పీనుగ వెట్టుకుంటరారా ఎవలన్న?" అన్నాడు రఘుపతి. "దవాఖానలున్నయి, ఐసు పెట్టెలున్నయి. ఆడికెల్లి సీదా మసానం. దునియా ఏడికి వొయింది, నువ్వేడున్నవ్?"

కుర్చీలో ముందుకు వంగి కూర్చున్న బక్కయ్య గొంతు సవరించుకున్నాడు. అందరిలోకీ పెద్దవాడు. "నేను పోయేదాక ఆగుండ్రి బిడ్డా. నన్ను నా తమ్ముని పక్కన పండవెట్టుండ్రి. ఆ ఎన్క మీరు హాలు గట్టుకుంటరో, చిలకలకు లైట్లే పెట్టుకుంటరో మీ ఇష్టం."

"పోత పోత అని పదేండ్ల సంది అంటున్నవే బక్కన్నా," అన్నారెవరో. "నీ మాటకు ఆగితే సిమెంటు ధర పెరగవట్టె."

మళ్ళీ నవ్వులు. బక్కయ్య కూడా నవ్వాడు.

లింగం నవ్వలేదు. "సేటూ, బాలవ్వ సంగతి నీకెర్కే గదా," అన్నాడు.

నవ్వులు ఆగాయి. లింగం భార్య బాలవ్వకు కాలేయం పాడైందనీ, దవాఖాన వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారనీ, లింగం ఉంటున్నది రఘుపతి బిల్డింగులోనేననీ అక్కడున్న అందరికీ తెలుసు. ఆమెను వేరే ఎక్కడన్నా చూసుకొమ్మని రఘుపతి రెండుసార్లు కబురు పెట్టిన సంగతి కూడా తెలిసే ఉంటుంది.

"ఊరికి తోలు," అన్నాడు రఘుపతి, గొంతు తగ్గించి.

"రైలెక్కే తీరుగ లేదు."

"ఏం గాదు తియ్యి. అంత జల్ది ఏం గాదు."

చేతులెత్తమన్నారు. కూలగొట్టాలన్న చేతులు లేచాయి. లెక్కపెట్టే అవసరం లేకపోయింది. ఆదిశేషయ్య ఫోను తీసి చిలకలకు ఒక్కోదానికి ఫోటో తీసుకుంటూ తిరిగాడు. "కనీసం ఇవైనా నాకు ఇప్పించండి," అన్నాడు.

"ఇంకొక్క మాట," అన్నాడు రఘుపతి. "అయ్యగారిని అడిగిన. రాఖీ పున్నమి నిన్ననే వోయింది. ఇయ్యాల్టి సంది అయిదు దినాలు చెడ్డయట. గడ్డపార ముట్టొద్దన్నడు. ఆరో నాడు పొద్దుగాల మొదటి దెబ్బ. గా అయిదు దినాలు ఈడ ఎవ్వలూ పోవద్దు. పోయిండ్రంటే ఏమైతదో మీకెర్కే."

తెలియనివాళ్ళు లేరు. ఆ అయిదు రోజుల్లో ఏ ఇంట్లో ప్రాణం పోతే ఆ ఇంటికి ఆరు నెలలు తాళం. పొయ్యి వెలగకూడదు, మనిషి మసలకూడదు, మేకు కూడా కొట్టకూడదు. ఒక్క గదిలో పోయినా ఒక్క దూలం కింద ఉన్న ఇల్లంతా పాడుపెట్టాల్సిందే. పరుశురాం అలాంటి రోజునే పోయాడు. ఆ ఆరు నెలలూ లింగం బయట ఓట్లా మాత్రం ఊడ్చి వెళ్ళేవాడు.

"తాళంచెయ్యి ఇటియ్యి," రఘుపతి లింగం వైపు చెయ్యి చాపాడు. "నీ మీద నమ్మకం లేక గాదు."

లింగం మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు. ముడి బిగుసుకుపోయి విప్పడానికి చాలాసేపు పట్టింది. అందరూ అతని బొడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

బయటికి వచ్చి సైకిలు ఎక్కగానే చెవుల్లో సాంచాలు మొదలయ్యాయి.

రఘుపతీ అతనూ ఒకే ఊరివాళ్ళు, ఒకే రైల్లో వచ్చారు, ఒకే షెడ్డులో ఒకరు పగలు, ఒకరు రాత్రి ఒకే చాప మీద పడుకున్నారు. అప్పుడు రఘుపతి అతన్ని 'తమ్మీ' అనేవాడు. నాలుగు సాంచాలు కొన్నాక 'లింగం' అని పేరు పెట్టి పిలిచాడు. బిల్డింగు కట్టాక ఏమీ అనడం మానేసి చెయ్యి ఊపేవాడు. అందులో తప్పేముంది, ఎదిగినవాడు ఎదిగాడు అని బాలవ్వ అంటుంది. తప్పు లేదనే లింగం కూడా అనుకుంటాడు. అనుకున్న ప్రతిసారీ నోరు చేదవుతుంది.

గోడాదరా సందుల్లో గణపతి పందిళ్ళకు కర్రలు పాతుతున్నారు. రఘుపతి బిల్డింగులో పద్దెనిమిది గదులు. లింగానిది రెండో అంతస్తులో చివరిది. తలుపు తెరిస్తే పొయ్యి, పొయ్యి పక్కనే మంచం, మంచం అవతల గోడ. పక్క గది నర్సవ్వ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. లింగం పనిమీద పోయినప్పుడు బాలవ్వను చూసుకునేది ఆమే.

"పొద్దటి సంది ఏం తాగలేదన్నా," అంది. "నీ కోసమే చూస్తంది."

బాలవ్వ గోడకు చేరగిలి ఉంది. పొట్ట ఉబ్బి, చేతులు పుల్లలై, కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. బాబిన్లు చుట్టి చుట్టి వేళ్ళ సందుల్లో పడిన కాయలు మాత్రం అలాగే ఉన్నాయి. షెడ్డులో మోతకు మాటలు వినపడవు కాబట్టి అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. పెళ్ళయిన కొత్తలో ఆమె బాబిన్ల దగ్గర, అతను సాంచాల దగ్గర, పొద్దస్తమానం అలాగే మాట్లాడుకున్నారు. ఇప్పుడు ఆమెకు గొంతు లేదు, అతనికి చెవి లేదు. మళ్ళీ చేతులకే వచ్చారు.

ఏమైంది, అని ఆమె వేళ్ళు తిప్పింది.

లింగం అరచెయ్యి బోర్లించి కిందికి దించాడు. కూలగొడతారు.

బాలవ్వ నవ్వింది. "మంచిగైంది," అంది నోటితోనే.

లింగానికి కోపం వచ్చింది. "ఏంది మంచిగయ్యేది? నీకు సోయున్నదా? రేపు..." ఆగిపోయాడు.

"రేపు నన్ను ఆడ పండవెట్టాల్నంటవు. గందుకే మంచిగైంది అంటున్న." ఊపిరి తీసుకుంది. "నేను పోనయ్యా ఆ ఇంటికి."

"ఎందుకు?"

"అందరు మొగోళ్ళే."

లింగం ఆమె పెదాలు సరిగ్గా చూడలేదేమో అనుకున్నాడు. ఆమె మళ్ళీ అంది. "ఒక్క ఆడిది లేదు ఆ ఇంట్ల. లెక్కవెట్టుకో. ఆడోళ్ళకు పానం బాగలేకుంటే ఊరికి తోలేది. మొగోళ్ళే ఆడ పోయేది. నేను వేడినీళ్ళు పట్టుకొస్తుంటి గదా, నాకెర్కే. నేను లోపటికి రాంగనే ఆ పోయినోళ్ళు కాళ్ళు ముడుచుకుంటరు, తొవ్వ ఇస్తరు. మర్యాదస్తులే. గని మొగోళ్ళు మొగోళ్ళే గదా. గంతమంది నడుమ నేనొక్కదాన్ని ఎట్ల పండాలె? కాలు చాపుకోవద్దా? కొంగు జారితే?"

నవ్వబోయి దగ్గింది. లింగం వీపు నిమిరాడు. ముప్పై ఏళ్ళుగా తాను ఎవరికీ చెప్పని సంగతి ఆమెకు ముందే తెలుసన్నమాట. ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు.

"మరేడ?" అన్నాడు.

బాలవ్వ తల పక్కనున్న గోడను తట్టింది. ఆ గోడకు ఆమె పసుపు కుంకుమలు పెట్టే అద్దం ముక్క, దువ్వెన దోపిన మేకు, గ్యాసు సిలిండరు తేదీలు పెన్సిలుతో గీసిన గీతలు. "ఈడనే. నా గోడ పక్కన. మాటియ్యి."

"రఘుపతి ఊకుంటడా?"

"రఘుపతి సంగతి నాకెందుకు? నీ సంగతి చెప్పు."

"సరే తియ్యి," అన్నాడు లింగం. "ఈడనే."

ఆమె కళ్ళు మూసుకుంది. లింగం పొయ్యి వైపు తిరిగి జావ గిన్నె పెట్టాడు. ఉండకట్టకుండా గరిటెతో కలుపుతూ నిలబడ్డాడు. ఉప్పు ఎక్కువైందేమోనని నాలుక మీద వేసుకుని చూశాడు. చల్లారబెట్టడానికి రెండు గ్లాసుల మధ్య పోశాడు, తీశాడు, పోశాడు. తర్వాత మంచం అంచున కూర్చుని చెంచాతో ఆమె నోటికి అందించాడు. జావ పెదవి చివర నుంచి కారింది. చీర కొంగుతో తుడిచి ఇంకో చెంచా పెట్టాడు. అదీ కారింది. మళ్ళీ తుడిచాడు.

"అన్నా," అంది గడప మీద నుంచి నర్సవ్వ.

లింగానికి వినపడలేదు. మూడో చెంచా నింపాడు. నర్సవ్వ లోపలికి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"అన్నా, ఆపు."

అతను ఆమె పెదాలు చూశాడు. తర్వాత బాలవ్వ వైపు చూశాడు. ఆమె ముఖం గోడ వైపు తిరిగి ఉంది.

ఎవరూ ఏడవలేదు. నర్సవ్వ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు జారగిలి కూర్చుంది. గదుల్లోంచి ఒక్కొక్కరే వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. ఏడిస్తే పోయినట్టు. ఏడవనంత సేపు ఇంకా పోలేదు. ఇవాళ ఎలాంటి రోజో మేడ దగ్గరి కబురు అప్పటికే బిల్డింగంతా పాకింది.

రఘుపతి మెట్లెక్కి వచ్చేసరికి అతని తెల్ల చొక్కా వీపుకు అంటుకుని ఉంది. గది లోపలికి రాలేదు. గడప బయట, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తమ్మీ," అన్నాడు.

లింగం తలెత్తాడు.

"ఇంక పానం ఉన్నట్టే గదా తమ్మీ. ఆటో తెచ్చిన. కూసోవెట్టి తీస్కపోదాం. మేడకు పోయినంక పోయిందంటం." జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు. "గిదిగో."

"నీ హాలు?"

"హాలు పోతే పోయింది. ఆరు నెలలకు గట్టుకుంట, లేకుంటే లేదు. మేడ నీకు ఉండాలెనంటివి గదా, ఉంటది తీ. ఇది పద్దెనిమిది ఇండ్లు తమ్మీ. అందర్ని బయటికి పంపాలె."

లింగం లోపల ఏదో వెచ్చగా కదిలింది. కాదు అన్న ఒక్క మాట చాలు. ఈమె ఇక్కడే పోయింది, నా చేతుల్లో పోయింది అని మెట్ల మీద నిలబడి అరిస్తే చాలు. మూడంతస్తులకూ తాళం పడుతుంది. నల్లా తీయించినవాడి బిల్డింగులో ఆరు నెలలు నల్లా తిప్పే దిక్కుండదు. బాలవ్వ తన గోడ పక్కనే ఉంటుంది. ఇచ్చిన మాట నిలబడుతుంది.

"ఈడనే ఉంటనన్నది," అన్నాడు. "మాటిచ్చిన."

నర్సవ్వ నోట్లోంచి కొంగు తీసింది.

"అన్నా. నా కోడలికి నెలలు నిండినయి. ఇయ్యాల్నో రేపో అన్నట్టుంది. దాన్ని పట్టుకొని నేనేడికి వోవాలె?"

మెట్ల మీద ఉన్నవాళ్ళందరూ లింగం వైపు చూస్తున్నారు. నూలు ధూళి కనుబొమ్మలతో డ్యూటీ దిగినవాళ్ళు, చంకలో పిల్లలతో ఆడవాళ్ళు. నర్సవ్వ కోడలు పై మెట్టు మీద రెండు చేతులూ నడుముకు ఆన్చుకుని నిలబడింది. ఎవరూ బతిమాలలేదు. బతిమాలి ఉంటే కాదనడం తేలికయ్యేది.

లింగం లేచి బాలవ్వ తల కింద చెయ్యి పెట్టాడు. మేడ మిగులుతుందని లేచాడో, కోడలి కడుపు చూసి లేచాడో తర్వాత ఎంత ఆలోచించినా అతనికి తెలియలేదు. బాలవ్వ కోసం మాత్రం కాదు.

ఆటోలో ఆమెను నడుమ కూర్చోబెట్టారు. ఒక పక్క లింగం, ఒక పక్క నర్సవ్వ. తల జారకుండా లింగం తన భుజానికి ఆనించుకున్నాడు. పెళ్ళయ్యాక మొదటిసారి రైల్లో వచ్చినప్పుడు ఆమె ఇలాగే భుజం మీద పడి వార్ధా దాటేదాకా నిద్రపోయింది.

"కాకీ కో క్యా హువా?" అని ఆటోవాడు అద్దంలో చూశాడు.

"బుఖార్," జ్వరమంది నర్సవ్వ.

ముందు రఘుపతి స్కూటరు మీద హారను కొడుతూ దారి చేస్తున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా బాలవ్వ తల ఊగి అవునవునన్నట్టు అతని భుజానికి తగిలింది.

తాళం రఘుపతే తీశాడు. గడప దాటగానే లింగం చెవుల్లో మోత ఆగింది. ఆగిన చోట, మసక వెలుతురులో, కాళ్ళు వెనక్కి తీసుకుంటున్నట్టు, నేల మీద బట్ట రాపిడి లాంటిదేదో అతనికి స్పష్టంగా వినపడింది. ఆమె చెప్పింది నిజమే. తొవ్వ ఇస్తున్నారు.

నడిమధ్య మరకల దగ్గర అతను ఆగలేదు. హాలు చివరికి, మెట్ల పక్క మూలకు మోసుకుపోయి, రెండు స్తంభాల అవతల గోడకు ఆనించి పడుకోబెట్టాడు. అప్పుడు నర్సవ్వ గొంతెత్తి ఏడ్చింది. బిల్డింగులో ఆపుకున్నదంతా కలిపి ఏడ్చింది. ఆ ఏడుపుతో బాలవ్వ అధికారికంగా పోయింది. కబురు అందుకుని వచ్చిన బక్కయ్య గడప మీద కూలబడ్డాడు.

"నీ సంచిల చీరెలు ఏమన్న తెచ్చినవా?" అని లింగం నర్సవ్వను అడిగాడు.

"రెండు తెచ్చిన. స్నానమైనంక ఒకటి కట్టాలె, ఒకటి మీద కప్పాలె."

"కప్పేది ఇటియ్యి."

అది ఆకుపచ్చ పాలిస్టర్ చీర, పసుపు పూలది. లింగం ఒక కొస తీసుకుని గోడ పక్క స్తంభానికి, వరద మట్టిగీతకు కొంచెం పైన, నేతముడి వేసి బిగించాడు. రెండో కొస అవతలి స్తంభానికి కట్టాడు. చీర నేల దాకా దిగింది. దాని అవతల బాలవ్వ కనపడలేదు.

"గదేందిరా?" అన్నాడు బక్కయ్య.

"పరదా."

రఘుపతి చెప్పులు వేసుకోవడానికి బయటికి వెళ్ళిపోయాడు.

స్నానం ఆ పరదా అవతలే, నర్సవ్వా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ చేయించారు. నల్లా లేదు కాబట్టి బోరింగు నీళ్ళే మోయాల్సి వచ్చింది. పొద్దు గుంకక ముందే తాపీ ఒడ్డుకు తీసుకుపోయారు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి రఘుపతి మేడకు తాళం వేయించి, దాని మీద పసుపుగుడ్డ కట్టించాడు. పాడుపెట్టిన ఇంట్లోంచి ఏదీ బయటికి తేకూడదు. లోపలిది లోపలే ఉండిపోయింది.

మర్నాడు లింగం సామాను గోనెసంచిలో షెడ్డుకు వచ్చింది. నువ్వు ఉంటే అందరికీ యాదికొస్తది తమ్మీ, ఏమనుకోకు అని రఘుపతి ఫోనులో అన్నాడు. గదికి సున్నం వేయించాడట. పెన్సిలు గీతలు కూడా పోయి ఉంటాయి. నర్సవ్వ కోడలికి ఆడపిల్ల. లింగం ఇప్పుడు షెడ్డులో నేసిన గుడ్డ తాకాల గుట్టల వెనక పడుకుంటున్నాడు. పొద్దున డ్యూటీ దిగి మేడకు పోతాడు, ఓట్లా ఊడుస్తాడు, కిటికీ చెక్కల సందులోంచి ఒకసారి లోపలికి చూస్తాడు.

గోడాదరాలో అతనికి ఉన్న పది అడుగులకు ఎనిమిది అడుగుల గది పోయింది. మేడలో, మెట్ల పక్క మూలన, ఆరడుగుల పొడవు మూడడుగుల వెడల్పు చోటు బాలవ్వ పేర పడింది. గాలి ఆడని ఆ హాల్లో, దాని హద్దు మీద ఆకుపచ్చ చీర కట్టింది కట్టినట్టే వేలాడుతోంది.